నల్గొండలో చేయించుకున్న బాస్ ట్రాపులు: ఏడు నెలలు వాడాక నా మాట

మా హోమ్ థియేటర్ గదికి నల్గొండలోనే, ప్రకాశం బజార్ వెనక సందులో ఉన్న ఒక వడ్రంగి అన్నతో ఫ్రేములు కొట్టించి, ఆ పక్కనే సోఫాలు కుట్టే ఇంకో అన్నతో బట్ట కట్టించి, బాస్ ట్రాపులు, అంటే బాస్ (సినిమాలో, పాటలో కింది స్వరాలు) మోతని మింగేసే మందపాటి ప్యానెళ్లు, పెట్టుకుని ఏడు నెలలైంది. వీటి గురించి తెలుగులో ఎక్కడా సరిగ్గా రాసినట్టు కనబడలేదు, అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా. పని ఎలా చేశారు, ఎక్కడ తప్పు జరిగింది, బాస్ ఎంత మారింది, ఏం మారలేదు, అన్నీ. ఒక్క ముక్క ముందే చెప్పేస్తా: బాస్ బాగాలేదని సబ్‌వూఫర్ (బాస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్, మేం సబ్ అంటాం) మార్చే ఆలోచనలో ఉంటే ఆగండి, చాలా ఇళ్లలో తప్పు సబ్‌ది కాదు, గదిది.

మాది మేడ మీద గది. 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, పైన స్లాబ్ 10 అడుగుల ఎత్తు. ఇటుక గోడలు, సిమెంట్ ప్లాస్టరింగ్, కింద టైల్స్. పడమటి గోడకి స్క్రీన్, తూర్పు గోడకి ఆనించి సోఫా, పక్క గోడకి ఒక దివాన్. పన్నెండు అంగుళాల సబ్‌ని స్క్రీన్ పక్క మూలలో కూర్చోబెట్టాం, ఎందుకంటే అక్కడే ఖాళీ ఉంది. మొదటి రోజు సినిమా పెడితే ముగ్గురం మూడు రకాలుగా చెప్పాం. నేను సోఫా మధ్యలో కూర్చున్నా, నాకు ఏ సీనైనా ఒకటే స్వరం, బూం అని. దివాన్ మీద గోడకి ఆనుకున్న మా బావ "ఇంకొంచెం తగ్గించు బామ్మర్దీ, గుండెల మీద కొడుతుంది" అన్నాడు. గది నడుమ చాప మీద కూర్చున్న మా పాపేమో "నాన్నా, ధన్ అనే సౌండ్ అసలు వస్తలేదు" అంది. అప్పుడు బావ చెవుల్లో, పాప మాటల్లో తప్పు వెతికాను గానీ, ముగ్గురిదీ నిజమే. ఒకే గదిలో, ఒకే నిమిషంలో, మూడు చోట్ల మూడు రకాల బాస్ ఉంది.

ఇది తెలియక ముందు నేను చేసిన తప్పు ఖర్చు ఫోమ్. ఆన్‌లైన్‌లో 'బాస్ ట్రాప్' అని పేరు పెట్టి అమ్మే నల్లటి మూడు మూలల ఫోమ్ ముక్కలు ఎనిమిది, గుడ్ల అట్టలా ఎగుడుదిగుడుగా ఉండే షీట్లు రెండు డజన్లు తెప్పించి గోడలకి అంటించాను. అమ్మినవాళ్ల పేరు ఎందుకులెండి. బాస్‌లో వెంట్రుకవాసి తేడా రాలేదు. పైగా ఆ ఫోమ్ పై స్వరాలని మింగేసింది, మాటలు మసకబారాయి, కింద మోత మాత్రం అలాగే ఉండిపోయి ఇంకా ఎక్కువైనట్టు అనిపించింది. రెండు వేసవులకే రంగు మారి పొడి రాలడం మొదలైంది. ఇంకో సంగతి, సాదా ఫోమ్ నిప్పంటుకుంటే గబగబా కాలుతుంది. కరెంటు వైర్లు, ఆంప్లిఫైయర్ ఉన్న గదిలో గోడ నిండా అలాంటిది అంటించుకోవడం నాకిప్పుడు తలుచుకుంటేనే భయం. గుడ్ల అట్టలు అంటించమని చెప్పేవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి.

ఫోమ్ ఎందుకు పనిచేయదంటే, శబ్దం సెకనుకి దాదాపు 1130 అడుగులు పోతుంది. 40 హెర్ట్జ్, అంటే సెకనుకి 40 సార్లు కంపించే బాస్ తీసుకుంటే దాని ఒక్క అల పొడవు 28 అడుగులు. నా గది కన్నా పెద్దది! దూదిలాంటి పదార్థం ఏదైనా గాలి కదిలే చోట బాగా పట్టుకుంటుంది, గోడని ఆనుకుని గాలి కదలదు, ఒత్తిడే ఉంటుంది. ఆ గాలి కదలిక బలంగా ఉండేది గోడ నుంచి అలలో నాలుగో వంతు దూరంలో, అంటే 40 హెర్ట్జ్‌కి ఏడు అడుగుల దూరంలో. రెండు అంగుళాల ఫోమ్ గోడకి అంటిస్తే అంత పెద్ద అలకి అది ఉన్నట్టే తెలియదు.

ఇక గది లెక్క. 565ని గది కొలత అడుగులతో భాగించండి, ఆ గోడల మధ్య ఏ స్వరం ఇరుక్కుని మోగుతుందో వస్తుంది. మాకు పొడవుకి 35 హెర్ట్జ్, వెడల్పుకి 47, ఎత్తుకి 56. వీటికి రెట్టింపులు కూడా మోగుతాయి, 70, 94 అలా. 35, 47, 56 ఒక్కోటి తన రెండు గోడల దగ్గర (56 అయితే నేల, స్లాబ్ దగ్గర) గట్టిగా, సరిగ్గా నడుమ సున్నాకి దగ్గరగా ఉంటుంది; రెట్టింపులకి ఆ సున్నా గోడ నుంచి పావు వంతు దూరంలో పడుతుంది. అందుకే గోడకి ఆనుకున్న బావకి 47 దంచికొట్టింది, వెనక గోడ దగ్గరున్న నాకు 35 మోగింది, గది నడుమ ఉన్న పాపకి రెండూ అందలేదు. మూలలో పెట్టిన సబ్ అన్నిటినీ ఒకేసారి లేపుతుంది. మన ఇళ్ల ఇటుక గోడలు, స్లాబ్ కూడా ఇందులో పెద్ద పాత్రే. అమెరికా వాళ్ల వీడియోలు చూసి చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, అక్కడి ఇళ్లలో ఎక్కువగా చెక్క చట్రానికి పల్చని జిప్సం బోర్డు గోడలుంటాయి, అవి కొంత బాస్‌ని తామే కదిలి ఖర్చుచేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మన గోడ పెద్దగా కదలదు, వచ్చిన బాస్‌ని దాదాపు వచ్చినట్టే లోపలికి తిప్పికొడుతుంది. కాబట్టి మనకి ట్రాపుల అవసరం వాళ్లకన్నా ఎక్కువ. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లయితే 12కి 12 చదరపు గది మాత్రం థియేటర్‌కి వద్దు, రెండు వైపులా ఒకే స్వరం పడి రెండింతలు మోగుతుంది.

మిర్యాలగూడలో ఉన్న ఒక స్నేహితుడు గదిలో శబ్దాన్ని కొలిచే తన యూమిక్-1 మైకు నెల రోజులకి ఇచ్చాడు. యూఎస్‌బీ మైకు, ప్రతి మైకుకీ విడిగా దాని కొలత తేడాల్ని సరిచేసే క్యాలిబ్రేషన్ ఫైల్ వస్తుంది. దానితో రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ల్యాప్‌టాప్‌లో వేసుకుంటే చాలు. మైకుని స్టాండ్ మీద చెవి ఎత్తులో పెట్టి, ఫ్యాన్ ఆపి, ఏసీ ఆపి, స్వీప్ (కింది స్వరం నుంచి పై స్వరం దాకా వరసగా పలికే పరీక్ష శబ్దం) వేయాలి. మే నెలలో ఏసీ ఆపి గంటసేపు ఆ గదిలో కూర్చోవడం ఎలా ఉంటుందో నల్గొండ వాళ్లకి చెప్పనక్కర్లేదు. కానీ ఏ స్వరం ఎంత గట్టిగా ఉందో చూపే ఆ గ్రాఫ్ చూశాక నాకు నిజంగా కళ్లు తెరుచుకున్నాయి. 35 దగ్గర ఒక కొండ, 47 దగ్గర ఒక లోయ, 56 దగ్గర ఇంకో కొండ, ఎత్తుకీ పల్లానికీ తేడా ఇరవై డెసిబెల్లకి పైనే. ఇన్నాళ్లూ నేను సబ్ వాల్యూమ్ తిప్పుతూ ఉన్నది ఈ కొండల మీదన్నమాట. పెంచితే కొండ పెరుగుతుంది, లోయ పూడదు.

ఇక్కడ ఒక్క పైసా ఖర్చు లేని పని ముందు చేశాం. సబ్‌ని సోఫా మీద, నేను కూర్చునే చోటే ఎక్కించి, బాస్ పాట పెట్టి, నేను నేల మీద పాకుతూ గోడల వెంట తిరిగాను. ఎక్కడ బాస్ సమంగా వినబడితే అక్కడ సబ్ పెట్టాలి. మా గదిలో అది స్క్రీన్ కింద, ముందు గోడకి సరిగ్గా నడుమ. లెక్క ప్రకారం కూడా అంతే, వెడల్పుకి నడుమ ఉన్న సబ్ 47ని లేపలేదు. దాంతో బావ దివాన్ మీద కూర్చున్నా, సోఫా మీద కూర్చున్నా తేడా తగ్గింది. తర్వాత సోఫాని వెనక గోడ నుంచి ఐదున్నర అడుగులు ముందుకి జరిపాం. ఇంట్లో అందరూ గోల చేశారు, వెనక అంత జాగా వృథా అని. 35 దాదాపు ఆరు డెసిబెల్లు తగ్గింది. నాలుగు అడుగులే జరుపుదామని మా ఆవిడ అంది, ఒకసారి అక్కడ కూడా కొలిచి చూశాం, సరిగ్గా అక్కడ 70 హెర్ట్జ్ మాయమైపోతోంది. మీ గదిలో కూడా కళ్లతో కాదు, మైకుతో చూసుకుని జరపండి.

ఆ తర్వాతే ట్రాపులు. హైదరాబాద్‌లో ఒక సంస్థని అడిగితే, ఫోన్ మీదే లక్షా అరవై వేలు చెప్పారు. వాళ్ల పని మంచిదే అయి ఉండొచ్చు, నా స్థోమత అది కాదు. రాక్‌వూల్ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికింది, బాయిలర్లకీ ఫ్యాక్టరీ పైపులకీ చుట్టే సరుకే. మీటరు పొడవు, అరవై సెంటీమీటర్ల వెడల్పు, రెండు అంగుళాల మందం పలకలు, 48 డెన్సిటీ (ఘనపు మీటరుకి 48 కిలోలు). మందంగా పెట్టేటప్పుడు మరీ గట్టి డెన్సిటీ వద్దు, బాస్ లోపలికి దిగాలి కదా. ఇది రాయి కరిగించి తీసిన నార కాబట్టి మంటకి కాలదు, ఫోమ్‌తో పోలిస్తే నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం అదే. ట్రాలీ ఆటో మాట్లాడుకుని తెచ్చాం, 31 పలకలు అంటే బరువు పెద్దగా లేదు గానీ జాగా చాలా తింటుంది.

వడ్రంగి అన్నకి బొమ్మ గీసి చూపిస్తే మొదట నమ్మలేదు. "తమ్మీ, గింత మందం బొంత మూలకి పెట్టి ఏం జేస్తవ్?" అన్నాడు. విషయం చెప్పాక మాత్రం ఆయనకి నాకన్నా ఉత్సాహం వచ్చింది. ఒక్కో ఫ్రేములో మూడు పలకలు, అంటే ఆరు అంగుళాల మందం. దాన్ని మూలలో అడ్డంగా, గోడకీ గోడకీ మధ్య ఏటవాలుగా నిలబెడితే వెనక మూల దాకా ఇంకో అడుగు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ కూడా పనిచేస్తుంది, అది దండగ జాగా కాదు, రాక్‌వూల్ గోడకి దూరంగా ఉన్నకొద్దీ కింది స్వరాలు పట్టుకుంటుంది. ఒక్కో మూలకి ఒకదాని మీద ఒకటి మూడు, నేల నుంచి స్లాబ్ దాకా.

తప్పు ఇక్కడే జరిగింది, అది నాది కూడా. పలక మీటరు అని చెప్పాను, ఆయన లోపలి కొలత మీటరు పెట్టి, చుట్టూ 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కొట్టాడు. ఒక్కో ఫ్రేము బయటికి 103.6 సెంటీమీటర్లైంది. మూడు కలిపితే 310 దాటింది, మా గది ఎత్తు 305. మూడు మూలలకి తొమ్మిది ఫ్రేములు మేడ మీదికి మోసుకొచ్చి, రెండు నిలబెట్టి, మూడోది ఎత్తితే స్లాబుకి తగిలి ఆగిపోయింది. ఆ రోజు నాకు వచ్చిన టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆ అన్న ఒక్క మాట అనకుండా మూడు ఫ్రేములు తిరిగి షాపుకి తీసుకెళ్లి, మర్నాడు పొద్దున్నే కోసి బిగించి తెచ్చాడు, దానికి కూలి తీసుకోలేదు. ఇలాంటి పనిలో మనిషి నిజాయితీ అక్కడే తెలుస్తుంది. అందుకే ఆయన పనికి నేను నిండుగా మార్కులేస్తాను.

బట్ట విషయం ఇంకో కథ. సోఫాలు కుట్టే అన్న మొదట రెగ్జిన్ తీశాడు, దుమ్ము పట్టదు, తుడుచుకోవచ్చని. గాలి ఆడని బట్ట ముందు వైపు వేస్తే పై స్వరాలన్నీ దాని మీద నుంచే తిరిగొచ్చేస్తాయి, నాకు మాటలు స్పష్టంగా కావాలి కాబట్టి సోఫా వెనక గోడకి వేద్దామనుకున్న ప్యానెళ్లకి అది అస్సలు పనికిరాదు. చిన్న పరీక్ష ఉంది: బట్టని నోటికి ఆనించి గట్టిగా ఊదండి, అవతల అరచేతికి గాలి తగిలితే వాడుకోవచ్చు. ఆ షాపులో ఇద్దరం నిలబడి పది రకాల బట్టలు ఊదాం. చివరికి మా అమ్మ ఇంట్లో దాచిన పోచంపల్లి నూలు బెడ్‌షీట్లు గుర్తొచ్చాయి. ఊదితే గాలి హాయిగా పోయింది. ముదురు ఎరుపులో నల్ల డైమండ్ డిజైన్లు, అంచుల్లో ఇక్కత్ రంగు ఒకదాంట్లోకి ఒకటి చెదిరినట్టు కలుస్తుంది చూడండి, ఆ అంచు సరిగ్గా ఫ్రేము మడత మీదికి వచ్చేలా కుట్టాడు ఆ అన్న. గదిలోకి వచ్చినవాళ్లు ముందు సౌండ్ గురించి కాదు, వాటి గురించే అడుగుతున్నారు. రాక్‌వూల్ నార బయటికి రాకుండా లోపల పల్చని మల్లు గుడ్డ ఒక చుట్టు చుట్టించాను, అది మాత్రం మానకండి. పలకలు కోసేటప్పుడు చేతులకి గ్లోవ్స్, మూతికి మాస్కు, ఫుల్ చేతుల చొక్కా ఉండాలి. వడ్రంగి అన్న "ఏం గాదు" అని ఉత్త చేతులతో రెండు పలకలు పట్టుకుని ఆ రాత్రంతా గోక్కున్నాడు.

మూలలు నాలుగున్నా మూడింటికే పెట్టాం. ఈశాన్యం మూలలో బరువు పెట్టొద్దని నాన్న గట్టిగా చెప్పారు, ఆ మూల పక్కనే తలుపు ఉంది కాబట్టి ఎలాగూ అక్కడ నిలబెట్టే వీలు లేదు. మిగిలిన నాలుగు పలకలతో నాలుగంగుళాల ప్యానెళ్లు రెండు చేసి సోఫా వెనక గోడకి వేశాం. పక్క గోడల మీద స్పీకర్ల శబ్దం తగిలి సోఫా వైపు తిరిగొచ్చే చోట ఇంట్లో ఉన్న గొంగళ్లు రెండు మడతేసి వేలాడదీశాం, పై స్వరాలకి బాగా పనిచేస్తాయి, బాస్‌కి వాటితో సంబంధం లేదు.

ఫలితం. గ్రాఫ్‌లో 70 నుంచి పైకి ఉన్న ఎగుడుదిగుడు చాలా సాపు అయింది. 56 కొండ, మిగిలిన 47 మోత ఓ మాదిరిగా తగ్గాయి. 35 దాదాపు కదల్లేదు, ఆరంగుళాల రాక్‌వూల్‌కి అంత కింది స్వరం అందదు, ఇది ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నా. ఆ 35 కొండని రిసీవర్ ఈక్యూలో (ఒక్కో స్వరాన్ని విడిగా పెంచే, తగ్గించే సెట్టింగ్) కోశాం. కొండని కోయొచ్చు గానీ లోయని ఈక్యూతో నింపాలని చూడకండి. పది డెసిబెల్లు పెంచాలంటే ఆంప్లిఫైయర్ పదింతల పవర్ ఇవ్వాలి, అంత ఇచ్చినా గోడలు ఆ స్వరాన్ని అక్కడ చెరిపేస్తూనే ఉంటాయి, ఊఫర్ కాయిల్ కాలడం తప్ప ఏమీ రాదు. రిసీవర్‌లో స్పీకర్లన్నీ 'స్మాల్', క్రాస్ఓవర్ 80, అంటే 80 హెర్ట్జ్ కింది స్వరాలు సబ్‌కే పోయేలా, అంతే పెట్టాను.

చెవికి వచ్చిన తేడా మాత్రం గ్రాఫ్ కన్నా పెద్దది. బోనాల డప్పు ఉన్న ఒక పాట నేను ప్రతిసారీ పరీక్షకి పెడతాను. ముందు, దెబ్బ పడ్డాక కింద ఒక హుం అనే మోత ఉండిపోయేది, అది ఆగేలోపు రెండో దెబ్బ వచ్చి దాని మీద పడేది, నాలుగు దెబ్బల తర్వాత అది డప్పో, లారీ ఇంజనో తెలిసేది కాదు. ఇప్పుడు దెబ్బ పడి, ఆగుతుంది. ఆగిన చోట నిశ్శబ్దం ఉంది. ఆ నిశ్శబ్దంలో చిటికెన పుల్ల (డప్పు కొట్టే రెండు పుల్లల్లో సన్నది) తోలు మీద గీరినట్టు తగిలే చిన్న చప్పుడు వినబడింది, నాలుగేళ్లుగా వింటున్న పాటలో అది ఉందని నాకు ఆ రోజే తెలిసింది. మా నాన్న చిన్నప్పుడు ఊళ్లో డప్పు దగ్గరగా విన్న మనిషి. ఆయన్ని పిలిచి వినిపిస్తే కళ్లు మూసుకుని విని "ఇప్పుడు తోలు కాగినట్టుందిరా" అన్నారు. డప్పు కొట్టే ముందు మంట దగ్గర కాస్తారు కదా, కాగితేనే గట్టిగా, పొడిగా పలుకుతుంది. నాకు ఇంతకన్నా మంచి రివ్యూ రాదు.

బాస్ సాపయ్యాక ఇంకో సంగతి బయటపడింది. ఏదో గలగల. స్వీప్‌ని నెమ్మదిగా నడిపిస్తే 56 దగ్గరికి రాగానే మొదలై, 60 దాటగానే ఆగుతోంది. గంటసేపు వెతికితే పక్క గదిలోని ఇనుప బీరువా హ్యాండిల్. రెండు వాషర్ల మధ్య ఫెల్ట్ ముక్క పెట్టి బిగిస్తే పోయింది. కిటికీ రెక్కలకి కూడా అంతే. మీ ఇంట్లో సబ్ పగిలినట్టు మోగితే సబ్‌ని తిట్టే ముందు బీరువా, కిటికీలు, ఏసీ గ్రిల్లు పట్టుకుని చూడండి.

ట్రాపులు పెడితే కిందింటికి శబ్దం పోదని అనుకోవద్దు. ఇవి గది లోపలి మోతని సరిచేస్తాయి తప్ప బయటికి పోయే బాస్‌ని ఆపవు, దానికి గోడ లోపల గోడ కట్టాలి, అది వేరే పని, వేరే ఖర్చు. మా అమ్మకి కింద వంటింట్లో గిన్నెలు ఇప్పటికీ కొంచెం కదులుతాయి. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత మేం సబ్ తగ్గించేస్తాం.

రాక్‌వూల్, ప్లైవుడ్, మల్లు గుడ్డ, ఇద్దరి కూలి, ఆటో అన్నీ కలిపి నాకు ముప్పై నాలుగు వేలైంది, బెడ్‌షీట్లు ఇంట్లోవే కాబట్టి లెక్కలో లేవు. ఇంకో పన్నెండు అంగుళాల సబ్ కొనాలనుకున్న డబ్బులో సగం. రెండో సబ్ ఎప్పుడైనా కొంటే వెనక గోడకి నడుమ, మొదటిదానికి ఎదురుగా పెడతాను, రెండూ కలిసి 35ని ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి కాబట్టి, బాస్ పెంచడానికి కాదు.

ఆ వడ్రంగి అన్న దగ్గర నా బొమ్మ ఇంకా ఉంది, గోడకి మేకుకి గుచ్చి పెట్టుకున్నాడు. వెళ్లినవాళ్లు ఫ్రేముకి బయటి కొలత మీటరు అని చెప్పండి, మూడు కలిపితే మీ స్లాబు కింద పడతాయో లేదో అక్కడే టేపు పట్టి చూసుకోండి, బట్ట మీరే తీసుకెళ్లండి.